అత్త కాటుక పెట్టిన అమ్మవారు

దసరా దగ్గర పడిందని మా వీధికి పంచాంగం చెప్పనక్కర్లేదు. ఎదురింటి అక్క రవ్వ వేయించడం మొదలుపెడితే చాలు. నంద్యాలలో మా వీధి ఎంత ఇరుకంటే, ఎద్దుల బండి వస్తే మనుషులు గోడకు బల్లుల్లా అంటుకోవాలి. ఆ కాస్త వీధిని దాటి ఆ నేతి వాసన నేరుగా మా ఇంట్లోకే వచ్చేది. పక్కిళ్ళవాళ్ళు తమకూ వచ్చేదంటారు గాని నేను నమ్మను. కుళ్ళుకునే ముక్కు ఏ ఇంట్లో ఉందో ఆ వాసనకు బాగా తెలుసు.

అవి యుద్ధం రోజులు. నేను ఆళ్ళగడ్డ నుంచి కాపురానికి వచ్చి నాలుగైదేళ్ళయింది. మా నాయన ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. మా ఆయనది నంద్యాల బజారులో వెండి బంగారు పని. చక్కెర రేషను, కిరసనాయిలు రేషను. దొరికిన చక్కెర కాఫీకే చాలదు గనక పండుగ పిండివంటలన్నీ బెల్లం మీదికి దిగిపోయాయి. వీధి మొత్తం బెల్లం భక్ష్యాలు, బెల్లం పొంగలి, బెల్లం కజ్జికాయలు. ఒక్క ఎదురింటి అక్క మాత్రం ప్రతి దసరాకూ తెల్లటి రవ్వ లడ్లు చేసేది, అసలు సిసలు చక్కెరతో. వాటి తెలుపు చూసి మా ఇంటి గోడ సిగ్గుపడి సున్నం పెచ్చులు రాల్చుకుందని నేను అందరికీ చెప్పాను. పెచ్చులు రాలిన మాట నిజమే.

లడ్లు ఒక్కటే అయితే ఓర్చుకునేదాన్ని. ఆమె బొమ్మల కొలువు ఇంకొక మంట. మెట్ల మీద తెల్ల పంచె పరిచి, కొయ్య బొమ్మలు, మట్టి బొమ్మలు పేర్చి, కింద నేల మీద ఏకంగా మహానంది కట్టేది. తడి ఇసుకతో గుడి, ఇత్తడి తాంబాళంలో కోనేరు, మెట్ల వెనక దాచిన కుండ నుంచి బొప్పాయి కాడ గుండా సన్నటి ధారగా నీళ్ళు. ఆ కోనేట్లో చేపలు తిరుగుతున్నాయని ఒక ఏడు నేనే పుట్టించాను. జనం ఎగబడి పోయి, చేపలు కనపడక మూతులు ముడుచుకుని వస్తారని నా లెక్క. పోయినవాళ్ళు ఆ మాట ఆమెతో అన్నారు. మరునాటికి ఆమె ఎక్కడి నుంచో చేపపిల్లల్ని తెచ్చి కోనేట్లో వదిలింది. నా అబద్ధాన్ని కూడా ఆమే అందంగా పూర్తిచేసిందన్నమాట. అటువంటి మనిషితో ఎలా వేగాలి?

మా వీధిలో ఒక ఆనవాయితీ ఉండేది. నవరాత్రుల్లో ఎవరి కొలువు వాళ్ళింట్లో ఉన్నా, దుర్గాష్టమి సాయంత్రం పేరంటం మాత్రం వీధికంతా కలిపి ఒక్కచోటే. ఆ ఏడు ఏ ఇంటి కొలువుకు మెప్పు వస్తే ఆ ఇంట్లో. ఆడవాళ్ళందరూ తాము చేసిన తీపి పట్టుకుని అక్కడికే పోతారు, పాటలు పాడతారు, హారతిస్తారు, పసుపు కుంకుమలు పుచ్చుకుంటారు. నేను వచ్చినప్పటి నుంచి ఆ పేరంటం ఎదురింట్లోనే. ఆమె మా అత్త పాదాలకు పసుపు రాస్తుంటే నేను పక్కన కూర్చుని నవ్వేదాన్ని. ఇంటికి వచ్చాక దవడలకు ఆముదం రాసుకోవలసి వచ్చేది, అంత గట్టి నవ్వు.

ఈసారి అష్టమి పేరంటం మనింట్లో జరగకపోతే ఆళ్ళగడ్డకు పోయి మళ్ళీ రానని మా ఆయనతో తెగేసి చెప్పాను.

"మంచిది. పోయేటప్పుడు మాయమ్మను గూడా పిల్చుకపో" అన్నాడాయన, చేతిలోని ముక్కుపుడక మీద నుంచి కన్ను తీయకుండా.

కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మైనా పెట్టాలి కదా. ఆ వంకతో, తెలిసినవాళ్ళ తోడు చూసుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. పెట్రోలు కరువై బస్సులు బొగ్గుతో నడిచే కాలం. బస్సు వెనక ఒక పెద్ద పొయ్యి, దాని నిండా కణకణలాడే నిప్పులు. కాస్త ఎత్తు వస్తే మగవాళ్ళు దిగి తోసేవాళ్ళు. ఆ పొగకు, ఆళ్ళగడ్డలో దిగేసరికి నేను మా నాయన చెక్కే నల్లరాయి రంగులో ఉన్నాను.

"ఏందీ, చెప్పా పెట్టకుండా వచ్చినావ్?" అన్నాడు నాయన, పందిట్లో రాతి ముందు కూర్చుని.

"కొలువుకు ఒక బొమ్మ కావల్ల నాయనా."

"నంద్యాల బజారులో కొయ్యబొమ్మలు దొరకవా?"

"కొయ్యబొమ్మలు ఎదురింటామెకు గూడా ఉండాయి. నాకి రాతిది కావల్ల."

నాయన నవ్వి, మూలకు పోయి గోనెసంచి తొలగించాడు. కింద జానెడు ఎత్తున ఒక అమ్మవారు ఉంది. దొర్నిపాడు వాళ్ళెవరో ఇంట్లో పూజకని చేయించుకుని, మళ్ళీ మొహం చూపించలేదట. కిరీటం, చేతులు, చీర కుచ్చిళ్ళు, ఆఖరుకు ముక్కెర కూడా చెక్కి ఉంది. కళ్ళు మాత్రం లేవు. కళ్ళుండవలసిన చోట రాయి నున్నగా ఉబ్బి ఉంది, అంతే. మా వాళ్ళు కళ్ళు అన్నిటికన్నా చివర తెరుస్తారు. పెట్టుకునేవాళ్ళ ఇంట్లో, పూజ చేసిన తర్వాత.

"చూడు పాపా, కండ్లు లేనంతవరకు ఇది బొమ్మే. కొలువులో పెట్టుకో, పండగైనాక పెట్టెలో పెట్టుకో, నీ ఇష్టం. కండ్లు తెరిస్తే మాత్రం అమ్మ వచ్చి కూచున్నట్టే. వాటి జోలికి పోవద్దు" అన్నాడు.

"నేనేం పోతా నాయనా, నాకి ఉలి పట్టుకునేది గూడా రాదు."

"నీకి నోరుండాది గదా, ఇంక ఉలి ఎందుకు?"

తిరుగు ప్రయాణంలో అమ్మవారిని మెత్తటి పాత చీరలో చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. పక్కన కూర్చున్న ముసలామె, "ఆడపిల్లా, మగపిల్లోడా?" అని అడిగింది. ఆడపిల్లే అన్నాను. బస్సు అంత కుదుపులోనూ పిల్ల కదలకపోవడం చూసి, "ఎంత బుద్ధిమంతురాలమ్మా, కయ్యిమనలేదు!" అని మెటికలు విరిచింది. అబద్ధం చెప్పే అవసరం లేకుండానే జనం నమ్మే రోజు ఎప్పుడో గాని రాదు.

పాడ్యమి నాడు అమ్మవారిని పై మెట్టు నడుమ నిలబెట్టాను. సాయంత్రం వీధిలోని ఆడవాళ్ళు గుగ్గిళ్ళు తింటూ చుట్టూ చేరారు. నేను కథ ఎత్తుకున్నాను. ఆ రాయి నల్లమల లోపల దొరికిందని, సుత్తి తగలగానే గంటలా మోగిందని, నాయన చెక్కుతున్నన్ని రోజులూ ఒక చిరుతపులి వాకిట్లో కూర్చుని చూసిపోయేదని చెప్పాను.

"నిన్ను చూసి ఏమనలేదా మ్మే అది?" అని ఒకామె అడిగింది.

"ఏమంటాది? చిన్నప్పటి నుంచి ఎరిగిందే గదా."

అందరూ నవ్వుతున్నారు గాని వాళ్ళ కళ్ళు మాత్రం అమ్మవారి మీదే ఉన్నాయి. అప్పుడు వచ్చింది ఎదురింటి అక్క, పళ్ళెంలో లడ్లు పెట్టుకుని. చాలాసేపు చూసింది.

"చానా బాగుండాది మ్మే. ముక్కు చూడు, సంపెంగ మొగ్గ మాదిరి. కండ్లే లేవు పాపం. మనం ఎన్ని పాటలు పాడినా ఎవురు పాడినారో ఎట్లా తెలుస్తాది అమ్మకు?"

ఆమె మామూలుగానే అంది. కాని ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "పేరంటానికి ఎవురొచ్చినారో తడిమి చూసుకుంటాదేమో లే" అని ఇంకొకామె అందుకుంది. మళ్ళీ గొల్లు. ఆ ఒక్క మాటతో నా చిరుతపులి తోక ముడుచుకుని నల్లమలకు వెళ్ళిపోయింది. పళ్ళెం నా దగ్గరకు వస్తే వద్దనడానికి మర్యాద అడ్డొచ్చి ఒక లడ్డు తీసుకున్నాను. నోట్లో పెట్టుకోగానే కరిగిపోయింది. కరగకుంటే బాగుండేది, ఒక్క వంకైనా దొరికేది.

మరునాడు పొద్దున నేను నీళ్ళకు పోయాను. మా అత్తకు చూపు మందగించింది గాని చేతులకు పని కావాలి. ఆముదం దీపం మీద మసి పట్టి కాటుక చేయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి కాటుక ఆమె చేత్తోనే. నేను బిందె దించి లోపలికి వస్తే ఆమె కొలువు ముందు నిలబడి కొంగుకు వేలు తుడుచుకుంటోంది.

"నిన్న ఊరంతా దాని మీద కండ్లేసినారు. దిష్టి తగలదా? చెంపన చుక్క పెట్టినా. చుక్క పెట్టిన చెయ్యి ఊరుకుంటాదా, కండ్లకు గూడా ఇంత దిద్దినా" అంది.

తలెత్తి చూశాను. అమ్మవారు నన్ను చూస్తోంది. నల్లరాతి మీద నల్లటి కాటుక నిగనిగలాడుతోంది. ముసలి చెయ్యి వణికి ఒక కన్ను కొంచెం పెద్దదైంది. దానితో ఆ చూపులో, నేను చెప్పే ప్రతి మాటనూ సగానికి తగ్గించి వింటున్న భావం వచ్చింది. నాయన మాట గుర్తుకొచ్చింది. అయినా ఆయన చెప్పింది ఉలి సంగతి, ఇది వట్టి కాటుక అని సర్దుకున్నాను.

ఆ సాయంత్రం వచ్చిన ఆడవాళ్ళు గడపలోనే ఆగిపోయారు. ఎవరూ చెప్పకుండానే చేతులు జోడించారు. ఎవరికి వాళ్ళకు అమ్మవారు తమనే చూస్తోందనిపించింది. ఒకామె పక్కకు జరిగి చూసి, "ఈడికి గూడా చూస్తాంది!" అని వెనక్కి తగ్గింది. మరునాటికి పక్క వీధుల నుంచి కూడా రావడం మొదలైంది. నేను కథకు మరమ్మతు చేశాను. కళ్ళు ఎవరూ పెట్టలేదని, తెల్లవారేసరికి అవే తెరుచుకున్నాయని చెప్పాను. మా అత్తకు చెవులు కూడా మందం కావడం కలిసొచ్చింది.

షష్ఠి నాటికి వీధిలో పెద్దామె తీర్పు చెప్పేసింది: "ఈసారి అష్టమి ఈడే."

నేను ఆ మాట విని ముందుగా చూసింది అమ్మవారి వైపు కాదు, ఎదురింటి గడప వైపు. అక్క అక్కడే నిలబడి ఉంది. "మంచిదే గదా" అని నవ్వింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆమె మూతి తిప్పుకుని ఉంటే నా కడుపు చల్లబడేది. ఆ నవ్వు చూసి గెలిచిన సంతోషమంతా చప్పబడిపోయింది.

అష్టమి పొద్దున నాయన వచ్చాడు, అరటి గెల భుజాన పెట్టుకుని. లోపలికి అడుగు పెట్టబోతూ కొలువు వైపు చూసి ఆగిపోయాడు. గెల కింద పెట్టాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎవురు తెరిచినారు?"

"నేనే, అన్నా" అంది అత్త భయంగా. "దిష్టి తగుల్తాదని కాటుక..."

నాయన లోపలికి వచ్చి అమ్మవారికి దండం పెట్టుకున్నాడు.

"తుడిచేద్దామా నాయనా?" అన్నాను నేను మెల్లగా.

"కండ్లున్న అమ్మకు కండ్లు తుడుస్తావా? పొడిచేసినట్టు గాదూ? ఆమె చూసింది పాపా. మీ ఇల్లు చూసింది, పొయ్యి చూసింది, నిన్ను చూసింది. ఇంక పెట్టెలో పెట్టేది లేదు. రోజూ నైవేద్యం కావల్ల. రవ్వంతైనా సరే తీపి ఉండల్ల. చేసేటప్పుడు రుచి చూడగూడదు, నోరు తెరవగూడదు."

"రుచి చూడనులే."

"నోరు గూడా తెరవగూడదు. మాట్లాడితే తుంపర పడతాది. ఎంగిలి అయితాది."

వెనక గదిలో నుంచి మా ఆయన గొంతు వినిపించింది. "మామా, ఆ రెండోది అయ్యే పని గాదు."

ఆ పొద్దు భక్ష్యాలు నేనే చేయాలి. స్నానం చేసి, తడిబట్ట కట్టుకుని, నోరు మూసుకుని పొయ్యి ముందు కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు. నోరు మూస్తే చెవులు తెరుచుకుంటాయని అప్పుడే తెలిసింది. శనగపప్పు ఉడికే చప్పుడు వేరు, బెల్లం కరిగి దానిలో కలిసేటప్పటి చప్పుడు వేరు. పొయ్యిలో కట్టె తడిదో ఎండుదో చూడకుండానే చెప్పొచ్చు. అయితే ఆ నిశ్శబ్దంలో అన్నిటికన్నా గట్టిగా వినిపించింది ఎదురింట్లో రవ్వ వేయించే గరిటె చప్పుడు. పూర్ణం కలుపుతూ దాన్నే వింటూ కూర్చున్నాను. ఆ ధ్యాసలో పూర్ణం గట్టిపడింది. నెయ్యి కావాలి. అత్తను పిలవకూడదు. చేతులు ఊపి సైగ చేశాను. ఆమెకు చూపు ఆనదు. నేను నేతి గిన్నె ఆకారం గాలిలో గీస్తే ఆమె రోకలి తెచ్చి ఇచ్చింది. ఇంకోసారి గీస్తే చాట తెచ్చింది. చివరికి అరటాకు మీద తట్టిన భక్ష్యాలు పెనం మీద చెప్పుల తోలులా ముడుచుకున్నాయి. రుచి చూసే వీలు లేదు. ఎలా ఉన్నాయో అమ్మవారికే ముందు తెలియాలి.

సాయంత్రం మా ఇల్లు నిండిపోయింది. గడప బయట కూడా ఆడవాళ్ళు నిలబడ్డారు. ఇన్నేళ్ళూ ఎదురింటి వాకిట్లో చూసి ఏడ్చిన దృశ్యం ఇప్పుడు మా వాకిట్లో ఉంది. పాటలు పాడారు, హారతి ఇచ్చారు. అక్క అందరికన్నా చివర వచ్చింది, పెద్ద ఇత్తడి గిన్నె నిండా లడ్లతో. దాన్ని అమ్మవారి ముందు పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది.

ప్రసాదం పంచాను. నా భక్ష్యం నోట్లో పెట్టుకున్న ప్రతి ఆడమనిషీ కాసేపు దీర్ఘాలోచనలో ఉన్నట్టు నములుతూ కూర్చుంది. లడ్ల దగ్గరకు వచ్చేసరికి చేతులన్నీ మళ్ళీ చాచుకున్నాయి. "ఇంకోటి పెట్టు మ్మే", "మా కోడలికి ఒకటి". మా ఇల్లు, మా అమ్మవారు, మా పేరంటం. పొగడ్తలు మాత్రం వీధి దాటి ఎదురింటికి పోతున్నాయి.

పెద్దామె అడిగింది, "నీకి ఇంత చక్కెర యాడ దొరుకుతాంది మ్మే?"

నేను ఊపిరి బిగబట్టాను. ఎందుకంటే ఆ చక్కెర గురించి వీధిలో తిరిగే పుకార్లలో మంచివన్నీ నావే. రైలు పెట్టె పగిలి ఆమె పెరట్లోకి ఒలికిందన్నది కూడా నాదే. మా వీధికీ రైలు పట్టాలకూ మధ్య సగం ఊరు ఉన్నా అది బాగా నడిచింది.

"యాడా దొరకదు పెద్దమ్మా" అంది అక్క. "ఉగాది పండగైన కాడ్నుంచి మా ఇంట్లో ఎవురూ కాఫీలో చక్కెర ఏసుకోము. రేషనుకు వచ్చిందంతా కుండలో పోసి మూతికి గుడ్డ కడతా. తొమ్మిది పొద్దులు అమ్మ తిని పెడితే, అప్పుడు తింటాం మేము తీపి."

ఒకరిద్దరు కళ్ళు ఒత్తుకున్నారు. ఆ మాటతో నా మనసు కూడా కరిగిపోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కరగలేదు. అంత తేలిక ఉపాయం నాకెందుకు తట్టలేదని ఒళ్ళు మండిపోయింది. లడ్లు నా కన్నా బాగా చేస్తుంది, సరే. కొలువు నా కన్నా బాగా పెడుతుంది, సరే. చక్కెర లేని కాఫీ తాగడంలో కూడా నన్ను మించాలా?

దశమి నాడు జమ్మి ఆకు పంచుకోవడం అయ్యాక కొలువు ఎత్తాలి. బొమ్మలన్నిటినీ గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెట్టాం. అమ్మవారు ఒక్కతే ఖాళీ మెట్ల మీద మిగిలిపోయింది, అదే చూపుతో. మా అత్త దిగులుగా కూర్చుంది. "రోజూ మడి కట్టుకుని వండాలంటే నాతో యాడయితాది? మీ నాయనకు కబురు పంపు, వచ్చి తీసుకపోయి ఏదన్నా గుళ్ళో పెట్టిస్తాడు" అంది.

అప్పుడే అక్క జమ్మి ఆకు పట్టుకుని వచ్చింది. అత్త చేతిలో పెట్టి, కాళ్ళకు మొక్కి, కొంచెం మొహమాటంగా అంది: "అత్తా, మీకి కష్టమైతే అమ్మను మా ఇంట్లో పెట్టుకుంటాం. రోజూ ఏదో ఒక తీపి చేస్తాను. పేరంటానికి ఎట్లాగూ ఆడికే వస్తారు గదా అందరూ."

అత్త ముఖం వెలిగింది. "అంతకన్నానా తల్లీ..."

"వద్దు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "రోజూ నేనే చేస్తా."

అత్త నా వైపు తిరిగింది. "నువ్వా? నోరు మూసుకునా?"

"మూసుకునే."

అక్క నన్ను చూసింది. మొదటిసారి ఆమె పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో, నేనన్నేళ్ళుగా ఎదురుచూసిన మూతి విరుపో తేల్చుకోలేకపోయాను. "సరే మ్మే. ఏ పొద్దన్నా నీకి కుదరకపోతే చెప్పు. గిన్నెతో నేనొస్తా" అని వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాట నన్ను ఇన్నేళ్ళూ పొయ్యి ముందు కూర్చోబెట్టింది. ఆ ఏడు దీపావళికి వీధంతా దీపాలు పెడుతుంటే నేను నోరు మూసుకుని బెల్లం పొంగలి కలుపుతున్నాను. కార్తీకం వచ్చింది, చలి వచ్చింది, జ్వరం వచ్చింది. జ్వరంలో గోడ పట్టుకుని లేచి అటుకుల్లో బెల్లం కలిపి పెట్టాను గాని, ఎదురింటికి కబురు పంపలేదు. యుద్ధం ముగిసింది. తర్వాత ఎప్పటికో చక్కెర బజారులోకి వచ్చింది. మా అత్త పోయింది, అత్త పోయిన ఏటి నుంచి కాటుక నేను దిద్దుతున్నాను. పెద్ద కన్ను పెద్దదిగానే ఉంచాను. భక్ష్యాలు ఇప్పుడు బాగానే వస్తాయి. రోజూ చేస్తే రాయి కూడా మెత్తబడుతుంది. అష్టమి పేరంటం మా ఇంట్లోనే. నా భక్తి గురించి వీధిలో గొప్పగా చెప్పుకుంటారు. నేను కాదనను. నేను పుట్టించని పుకారు మా వీధిలో అదొక్కటే మరి.

అక్క ఇప్పటికీ ఎదురింట్లోనే ఉంది. జుట్టు నెరిసింది. రోజూ సరిగ్గా నేను నోరు తెరవకూడని సమయం చూసుకుని తన గడపలో నిలబడి కేకేస్తుంది. ఈ పొద్దు కూడా వేసింది.

"ఏమ్మే, అయిందా నైవేద్యం? నన్ను రమ్మంటావా?"

జవాబు చెప్పకూడదు. లేచి కిటికీ దగ్గరకు పోయి, ఆమెకు బాగా కనపడేలా గరిటె పైకెత్తి చూపించాను. గరిటె నుంచి మరుగుతున్న పాకం చుక్క నా చేతి మీద పడింది. అయినా కిక్కురుమనలేదు. ఆమె లోపలికి వెళ్ళిపోయేదాకా గరిటె దించలేదు.